బురద ముద్దలోంచి ఫొరామ్ పేర్ల దాకా

సంచిలో కోడిగుడ్డంత బూడిద రంగు బురద. తీరానికి దగ్గరగా, లోతు తక్కువ ఉన్న సముద్రపు అడుగున గొట్టం దించి తీసిన కోర్‌లో రెండు సెంటీమీటర్ల ముక్క అది. అందులో ఏయే ఫొరామినిఫెరా (క్లుప్తంగా ఫొరామ్) గుల్లలు ఉన్నాయో, ఒక్కో రకం ఎన్ని ఉన్నాయో తేల్చాలి. ఆ ముద్ద మైక్రోస్కోపు కిందికి రావడానికి రెండు రోజులు పట్టింది, పేర్లు పెట్టడానికి మూడు రోజులు. ఆ పనిని వరుసగా రాస్తున్నాను. మొదటి రెండు రోజులను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కానీ పేరు తప్పు పడినప్పుడు వెనక్కి వెళ్లి చూస్తే, చాలాసార్లు ఆ తప్పు జల్లెడ దగ్గరో ఓవెన్ దగ్గరో మొదలై ఉంటుంది.

ఫొరామ్‌లు ఏకకణ జీవులు. జీవి పోయాక మిగిలిన గుల్లే మన చేతికి దొరికేది. చాలా వాటి సైజు సన్న ఉప్పు రవ్వంత, లేదా అంతకంటే తక్కువ. గుల్ల లోపల గదులు, గదికీ గదికీ మధ్య రంధ్రం. ఫొరామినిఫెరా అంటే రంధ్రాలు ఉన్నవని అర్థం. ఆ పేరు గోడమీది సన్న రంధ్రాల వల్ల వచ్చిందని చాలామంది అనుకుంటారు, నిజానికి గదులను కలిపే రంధ్రాల వల్ల వచ్చింది. ఆ పేరు పెట్టిన ఫ్రెంచ్ ప్రకృతి శాస్త్రవేత్త దోర్బిన్యీ 1826లో వీటిని నాటిలస్ లాంటి బుల్లి సెఫలోపాడ్లు, అంటే ఆక్టోపస్ బంధువులు, అనుకున్నాడు, గదుల అమరిక అచ్చం అలాగే ఉంటుంది మరి. 1835లో మరో ఫ్రెంచ్ శాస్త్రవేత్త డుజార్డిన్ బతికున్న వాటిని పరిశీలించి, లోపల ఉన్నది అంత సంక్లిష్టమైన జంతువు కాదని తేల్చాడు. పై ఆకారాన్ని మాత్రమే నమ్మితే ఎంత దూరం తప్పిపోవచ్చో ఈ ఒక్క ఉదాహరణ చాలు. కింద నేను చెప్పే వరుసలో ఆకారం రెండో స్థానంలో ఉండటానికి కారణం కూడా అదే.

నానబెట్టడం, కడగడం

ముద్దలో సగమే తీసుకున్నాను. మిగతా సగాన్ని సంచిలోనే ఉంచి మూతి బిగించాను. ఏ దశలో ఏది చెడినా మళ్లీ మొదలుపెట్టడానికి అది ఉండాలి. తీసుకున్న భాగాన్ని పింగాణీ గిన్నెలో వేసి ఓవెన్‌లో 45 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టాను. 60 డిగ్రీలు దాటితే బంకమట్టి గట్టిపడి, తర్వాత ఎంత నానబెట్టినా గడ్డలు విడవవు. ఫ్రీజ్ డ్రైయర్ అందుబాటులో ఉంటే అదే మేలు, అందులో ఆరిన బురద నీళ్లు తగలగానే పొడిపొడిగా విడిపోతుంది. ఆరాక తూకం 24.0 గ్రాములు వచ్చింది. ఈ అంకె రాసుకోకుండా కడిగేస్తే, గ్రాముకు ఎన్ని గుల్లలు అన్న లెక్క ఇక ఎప్పటికీ కట్టలేం.

ఒక మినహాయింపు ఉంది. నమూనా మడ అడవుల బురదో ఉప్పు చిత్తడి నేలదో అయితే అసలు ఆరబెట్టకూడదు. అక్కడ ఎక్కువగా ఉండేవి మట్టి రేణువులను సేంద్రియ జిగురుతో అతికించి కట్టుకున్న గుల్లలు. ఆరితే గదులు లోపలికి సొట్టబోయి ట్రొకమ్మినా అనే రకం కూడా నలిగిన ఆకు తునకలా కనిపిస్తుంది. అలాంటి వాటిని నీళ్లలోనే లెక్కపెట్టాలి. పొడి బరువు కోసం విడిగా మరో చిన్న ముక్కను ఆరబెట్టి తూచుకోవాలి.

ఆరిన ముద్దను బీకరులో వేసి, లీటరు నీటికి 5 గ్రాముల సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ కలిపిన ద్రావణం 400 మిల్లీలీటర్లు పోశాను. దీన్నే అందరూ కాల్గాన్ అంటారు. ఇది బంకమట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా చూస్తుంది. గాజు కడ్డీతో కలపకుండా, గంటకోసారి బీకరునే మెల్లగా గుండ్రంగా తిప్పాను. కడ్డీ కొన గుల్లలను పగలగొడుతుంది. పన్నెండు గంటల్లో ముద్ద పూర్తిగా విడిపోయింది.

విడిపోకపోతే హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడతారు. ఇక్కడ జాగ్రత్త కావాలి. సీసాలో వచ్చే పెరాక్సైడ్ నిల్వ ఉండటానికి అందులో ఆమ్లం కలిపి ఉంటుంది, పీహెచ్ పేపరు ముంచి చూస్తే తెలిసిపోతుంది. కాల్షియం కార్బొనేట్ గుల్లకు ఆమ్లం పడదు. కాబట్టి 3 నుంచి 5 శాతానికి పలుచన చేసి, చిటికెడు వాషింగ్ సోడాతో పీహెచ్‌ను 8 దగ్గరకు తెచ్చి, రెండు మూడు గంటల్లో కడిగేయాలి. రాత్రంతా వదిలేయకూడదు. సేంద్రియ పదార్థం ఎక్కువ ఉన్న నల్ల బురద మీద గాఢ పెరాక్సైడ్ పోస్తే అది మరిగి పొంగుతుంది, సన్న గోడల గుల్లలు అందులోనే పోతాయి. అదే కారణంతో చివరి కడుగుకు కూడా డిస్టిల్డ్ వాటర్ వాడను. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి అది కాస్త ఆమ్లంగా ఉంటుంది. మామూలు కుళాయి నీళ్లు ఎక్కువ క్షేమం.

గుల్లలు కరిగిపోయిన నమూనాను ముందే గుర్తుపట్టే ఆనవాలు ఒకటుంది. నల్ల బురదలో పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఉంటుంది. కోర్‌ను తెరిచి గాలి తగిలేలా నెలల తరబడి ఉంచితే ఆ పైరైట్ ఆక్సీకరణం చెంది సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం గుల్లల కాల్షియంతో కలిసి జిప్సం అవుతుంది. కడిగిన ఇసుకలో పారదర్శకంగా, పలకల్లా, కొన్నిసార్లు నక్షత్రంలా గుచ్ఛాలు కట్టిన జిప్సం స్ఫటికాలు కనిపించి గుల్లలు తక్కువగా ఉంటే, ఆ తక్కువతనం సముద్రానిది కాకపోవచ్చు, నిల్వ చేసిన అరది కావచ్చు. ఈ నమూనాలో జిప్సం కనబడలేదు.

బురద కాకుండా గట్టి మట్టిరాయి అయితే పద్ధతి మారుతుంది. రాయిని బఠాణీ గింజంత ముక్కలు చేసి, తేమ బొత్తిగా లేకుండా ఆరబెట్టి, కిరోసిన్‌లో కొన్ని గంటలు నానబెట్టాలి. తర్వాత కిరోసిన్ వంపేసి వేడినీళ్లు పోస్తే, రంధ్రాల్లోకి పోయిన కిరోసిన్‌ను నీరు బయటికి తోసి రాయి దానంతటదే విచ్చుకుంటుంది. రాయిలో కొంచెం తేమ మిగిలినా కిరోసిన్ లోపలికి పోదు. ఈ పద్ధతి పనిచేయలేదని అనేవాళ్ల దగ్గర ముందు అడగాల్సిన ప్రశ్న అదే. దగ్గర్లో మంట గానీ వేడి ప్లేటు గానీ ఉండకూడదు.

కడగడానికి 63 మైక్రాన్ల స్టీలు జల్లెడ, అంటే 230 నంబరు మెష్. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. సన్నని ధారను జల్లెడ అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి తిప్పుతూ, కింద తేటనీళ్లు దిగేదాకా కడిగాను. వేలితో రుద్దకూడదు. జల్లెడ మూసుకుపోతే కింది నుంచి అరచేత్తో మెల్లగా తట్టాలి. మిగిలినదంతా ఒక పక్కకు చేర్చి, వెనక వైపు నుంచి వాష్ బాటిల్‌తో కొట్టి ఫిల్టర్ పేపర్లోకి దింపాను. పేపరు తడవకముందే దాని మీద నమూనా నంబరు పెన్సిలుతో రాయాలి, పెన్ను రాత తడికి అలుక్కుపోతుంది.

తర్వాతి నమూనాకు వెళ్లేముందు జల్లెడను కడిగి, మిథిలీన్ బ్లూ పలుచన ద్రావణంలో ముంచాను. కడిగినా జల్లెడ కళ్లలో ఇరుక్కున్న గుల్లలు నీలంగా మారతాయి. తర్వాతి నమూనాలో నీలి గుల్ల కనిపిస్తే అది ముందు నమూనాది, లెక్కలోంచి తీసేయాలి. ఈ ఒక్క పని మానేస్తే వేరే పొరలోని జాతి ఇక్కడ ఉన్నట్టు రాసేస్తాం, ఆ తప్పును తర్వాత ఎవరూ పట్టుకోలేరు.

ఆరాక మిగిలింది 1.36 గ్రాములు, మొదటి బరువులో 5.7 శాతం. మిగతా 94 శాతం కాలువ పాలైంది.

పళ్లెం, కుంచె, జిగురు

ఆ 1.36 గ్రాములను 125 మైక్రాన్ల జల్లెడతో పొడిగానే జల్లించి పైన నిలిచింది తీసుకున్నాను. అడుగున నివసించే ఫొరామ్‌లకు ఈ కొలత సరిపోతుంది. నీళ్లలో తేలే ఫొరామ్‌లను లెక్కపెట్టేవాళ్లు ఎక్కువగా 150 మైక్రాన్ల పైవి తీసుకుంటారు. ఏ కొలత అన్నది ఫలితం పక్కనే రాయాలి. 63, 125 మైక్రాన్ల మధ్యలో ఉన్నవి చాలామటుకు పిల్ల గుల్లలు, వాటిలో జాతి లక్షణాలు ఇంకా రూపుదిద్దుకుని ఉండవు. అయితే బొలివినా లాంటి సన్నవి కొన్ని పెద్దయినా ఆ మేరలోనే ఉంటాయి, కాబట్టి కిందికి జారిన భాగాన్ని పారేయకూడదు. విడి సీసాలో ఉంచాలి.

అందులో వేలకొద్దీ గుల్లలుంటాయి. అన్నీ లెక్కపెట్టడం సాధ్యం కాదు, అవసరం కూడా లేదు. మైక్రోస్ప్లిటర్ అనే చిన్న పెట్టెలో పోస్తే ఇసుక రెండు సమాన భాగాలుగా పడుతుంది. ఒక సగాన్ని మళ్లీ సగం, దాన్ని మళ్లీ సగం చేసి, ఎనిమిదో వంతు దగ్గర ఆగాను. చెంచాతో పైపైన తీసుకుంటే మాత్రం లెక్క చెడుతుంది. సీసా కదిలినప్పుడల్లా గుండ్రటి బోలు గుల్లలు పైకి, బరువైన రేణువులు కిందికి చేరతాయి. చెంచాకు పైవే వస్తాయి.

పళ్లెం నల్లనిది, గళ్లు గీసి ఉన్నది. ఇసుక ఒక రేణువు మందం మించకుండా పలుచగా చల్లాలి. గుట్టగా పోస్తే అడుగునున్న చిన్నవి తప్పిపోతాయి. కాంతి ఎడమ పై మూల నుంచి ఏటవాలుగా పడేలా పెట్టాను. కాంతి కింది వైపు నుంచి వస్తే కన్ను మోసపోతుంది, గుంటలు బొడిపెల్లా, బొడిపెలు గుంటల్లా కనిపిస్తాయి. గోడ మీద రంధ్రాలా, మొటిమలా అన్న తేడాతోనే జాతి మారిపోయే చోట ఆ మోసం చాలా ఖరీదు.

కుంచె 000 నంబరు. కొన తడిపి, టిష్యూ మీద ఒక్కసారి అద్ది వాడాలి. తడి ఎక్కువైతే గుల్ల చుక్కలో మునిగి పట్టు దొరకదు. బొత్తిగా పొడిగా ఉంటే స్థిర విద్యుత్తు వల్ల గుల్ల చిటుక్కున ఎగిరి ఎక్కడో పడుతుంది. గాలి పొడిగా ఉండే రోజుల్లో మైక్రోస్కోపు పక్కన తడి స్పాంజి పెట్టుకుంటే ఈ బాధ తగ్గుతుంది. తీసిన ప్రతి గుల్లనూ 60 గళ్ల స్లైడు మీద పెడతాను. స్లైడుకు ముందే ట్రాగకాంత్ జిగురు పలుచగా పూసి ఆరనివ్వాలి. తడి కుంచె తగలగానే జిగురు మెత్తబడి గుల్లను పట్టుకుంటుంది, మళ్లీ తడిపితే వదిలేస్తుంది. ఈ వదిలే గుణమే ముఖ్యం, గుల్లను మూడు వైపులా తిప్పి చూడాలి కదా. తుమ్మజిగురు కూడా పనికొస్తుంది గానీ ఆరాక మెరుస్తుంది, కుంచించుకుపోతూ సన్న గోడలను లాగుతుంది. ఆధునిక సింథటిక్ జిగుర్లు వద్దే వద్దు. ట్రాగకాంత్ పొడిని నేరుగా నీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది. ముందు కొన్ని చుక్కల ఆల్కహాల్‌తో తడిపి, ఆపైన నీళ్లు పోయాలి. బూజు పట్టకుండా ఒక చుక్క లవంగనూనె.

గళ్ల వరుస ప్రకారం, ఒక్క గడిని కూడా వదలకుండా, కనిపించిన ప్రతి ఫొరామ్‌నూ తీయాలి. అందంగా ఉన్నవి ముందు తీసి, విరిగినవి తర్వాత చూద్దామని వదిలేస్తే, లెక్కకు కావలసిన 300 గుల్లలు నిండేసరికి పళ్లెంలో విరిగినవే మిగులుతాయి. అప్పుడు స్లైడు మీద ఉన్నది సముద్రం ఇచ్చిన నిష్పత్తి అనిపించుకోదు. విరిగిన వాటికి నా నియమం: మొదటి గది, అంటే చుట్ట మధ్యలో ఉండే తొలి గది కనిపిస్తేనే ఒకటిగా లెక్క. లేకపోతే ఒకే గుల్ల మూడు ముక్కలై మూడుగా లెక్కకొస్తుంది.

ఫొరామ్‌లు కానివి కూడా పళ్లెంలో ఉంటాయి. ఆస్ట్రకాడ్ (రొయ్యల బంధువైన బుల్లి జీవి) గుల్ల చిక్కుడు గింజ ఆకారంలో ఉంటుంది, లోపల గదులు ఉండవు, తిప్పి చూస్తే బోలు చిప్ప, లోపలి వైపు కండరాల మచ్చలు. పిల్ల నత్తగుల్ల చుట్ట చుట్టుకుని ఉన్నా లోపల అడ్డుగోడలు ఉండవు, తడిపి చూస్తే ఆ ఖాళీ తెలిసిపోతుంది. రేడియోలేరియా (సిలికాతో గుల్ల కట్టుకునే మరో ఏకకణ జీవి) గాజు అల్లికలా ఉంటుంది. అనుమానం వస్తే అలాంటిదే మరో రేణువు మీద 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేసి చూడండి. సున్నపు గుల్ల బుసబుసమని నురగ కట్టి పోతుంది, సిలికా కదలదు. ఈ పరీక్షను స్లైడుకు, పళ్లేనికి దూరంగా చేయాలి.

పేరు పెట్టే వరుస

నేను పాటించే వరుస: గోడ, గదుల అమరిక, నోరు (చివరి గది బయటికి తెరుచుకునే రంధ్రం), ఆ తర్వాతే అలంకారం. చిత్రపటాల పుస్తకం తెరిచి పోలిక వెతకడం చివరి మెట్టు. కొత్తగా నేర్చుకునేవాళ్లు తిరగేసి చేస్తారు. గుల్ల చూస్తారు, పేజీలు తిప్పుతారు, దగ్గరగా కనిపించిన బొమ్మ పేరు రాస్తారు. బొమ్మల్లో దాదాపు ప్రతి గుల్లకూ ఒక పోలిక దొరుకుతుంది, అసలు చిక్కు అక్కడే.

గోడతో మొదలుపెట్టడానికి కారణం రెండు వరుసల జడలాంటి గుల్ల. గదులు కుడి ఎడమలుగా మారుతూ రెండు వరుసల్లో పెరిగినవి ఈ నమూనాలో చాలా ఉన్నాయి. గోడ గాజులా మెరుస్తూ సన్న రంధ్రాలతో ఉంటే బొలివినా. ఇసుక రేణువులు అతికించినట్టు గరుకుగా ఉంటే టెక్స్టులారియా. రూపురేఖలు ఒకటే, వంశాలు మాత్రం చాలా దూరం. గోడలో మూడు రకాలు గుర్తుంటే చాలు. ఇసుక అతికినది, పాలలా తెల్లగా, రంధ్రాలు లేకుండా నున్నగా ఉండే పింగాణీ రకం, కాంతిని లోపలికి రానిచ్చే గాజు రకం. పాతబడిన గాజు గోడ తెల్లబారి పింగాణీలా కనిపిస్తుంది. అప్పుడు కుంచెతో ఒక చుక్క నీరు పెట్టాలి. గాజు రకమైతే లోపలి గదులు మసకగా కనిపిస్తాయి, రంధ్రాలు చుక్కల్లా తేలతాయి.

పింగాణీ రకంలో బయటికి కనిపించే గదులు లెక్కపెట్టడమే పని. క్విన్‌క్విలోక్యులినాలో ఒక వైపు నుంచి నాలుగు, రెండో వైపు నుంచి మూడు గదులు కనిపిస్తాయి, మొత్తం ఐదు. ట్రైలోక్యులినాలో మొత్తం మూడు, పిర్గోలో రెండు. స్పైరోలోక్యులినా పలకలా చదునుగా ఉండి, గదులన్నీ రెండు వైపులా కనిపిస్తాయి. గదుల మధ్య అతుకులు తెలియక లెక్క కుదరకపోతే, పలుచన చేసిన ఆకుపచ్చ ఫుడ్ కలర్ ఒక చుక్క పెట్టి వెంటనే అద్దేయాలి. రంగు అతుకుల్లో నిలుస్తుంది. అప్పటికీ తేలకపోతే గుల్లను నిలువుగా నిలబెట్టి నోటి వైపు నుంచి చూడాలి, ట్రైలోక్యులినా మూడు మూలలుగా కనిపిస్తుంది. ఈ గుంపులో నోటి లోపల పన్ను ఉంటుంది. అది ఒంటిదా, కొన చీలినదా అన్నది జాతిని పట్టిస్తుంది. ఆ పన్ను తరచుగా బురదతో కప్పబడి ఉంటుంది, పన్ను లేదని రాసేముందు తడి కుంచెతో నోరు శుభ్రం చేయాలి.

ఈ నమూనాలో ఎక్కువ సమయం తీసుకున్నవి చుట్టగా పెరిగిన గాజు గుల్లలు. ఇక్కడ ఒక్క ప్రశ్నతోనే సగం పని అయిపోతుంది: రెండు వైపులా ఒకేలా ఉందా? అమ్మోనియాలో ఒక వైపు నుంచి మొదటి గది దాకా చుట్టలన్నీ కనిపిస్తాయి, తిప్పితే చివరి చుట్ట మాత్రమే కనిపిస్తుంది, మధ్యలో బొడ్డు. బొడ్డు వైపు అతుకులు లోతుగా కోసినట్టు ఉంటాయి. కొన్నింటిలో బొడ్డు మధ్యలో చిన్న గుండులా బొడిపె ఉంటుంది. నోరు చివరి గది అడుగున, బొడ్డు వైపుకు సన్న చీలిక. ఎల్ఫీడియంలో అయితే రెండు వైపులూ ఒకటే. అతుకుల మీద చిన్న చిన్న వంతెనలు, వాటి మధ్య గుంటలు. నోరు చివరి గది ముఖం అడుగున వరుసగా ఉన్న చిన్న రంధ్రాలు. వంతెనలు లేకుండా రెండు వైపులా ఒకేలా ఉంటే నోనియన్ వైపు చూడాలి. బొడ్డులోనూ అతుకుల మొదట్లోనూ చక్కెర పొడి చల్లినట్టు రవ్వలు ఉంటే హేనెసినా వైపు. అరిగిన ఎల్ఫీడియంలో వంతెనలు పోయి నోనియన్‌లా కనిపిస్తుంది. అలాంటప్పుడు చివరి గదులను వదిలి, వాటి వెనక ఉన్న అతుకులను చూస్తాను. అక్కడ ఒక్క వంతెనైనా మిగిలి ఉంటుంది.

అందుకే చుట్ట గుల్లను మూడు వైపులా చూడందే పేరు పెట్టకూడదు: చుట్ట వైపు, బొడ్డు వైపు, అంచు వైపు. జిగురు మీద ఒకే వైపుకు పడి ఉన్న గుల్లకు పేరు పెట్టిన ప్రతిసారీ అది ఊహే. అంచు వైపు చూడటానికి ఒక గడిలో జిగురు కాస్త చిక్కగా పూసి, గుల్లను చక్రంలా నిలబెడతాను.

మూడు వరుసల్లో పెరిగినవాటిలో బులిమినాకు నోరు చివరి గది మొదట్లో వంగిన ఉచ్చులా ఉంటుంది. యువిజెరినాకు చివరన చిన్న మెడ, మెడ కొసన నోరు. మెడ విరిగిపోతే అక్కడ గుండ్రటి మచ్చ మిగులుతుంది, అది చూడక తికమకపడతారు.

ఈ పేర్ల మీద ఇంత పట్టుదల ఎందుకు అంటే, వాటి మీద ఆధారపడే లెక్కలు చాలా ఉన్నాయి. గుల్లలోని ఆక్సిజన్ ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ పరమాణువుల) కొలతలో ఒకే చోట, ఒకే నీళ్లలో పెరిగిన సిబిసిడాయిడిస్, యువిజెరినా అనే రెండు రకాల ఫొరామ్‌ల మధ్య సుమారు 0.64 పర్‌మిల్ (వెయ్యికి 0.64) తేడా ఉంటుంది. శాస్త్రవేత్త షాకిల్టన్ 1974లో చూపిన ఈ సవరణను ఇప్పటికీ వాడతారు. రెండింటినీ కలిపి యంత్రంలో పెడితే, పేరు పెట్టడంలో పొరపాటు సముద్రపు ఉష్ణోగ్రత మార్పులా బయటికొస్తుంది.

తేలే ఫొరామ్‌లు

నీళ్లలో తేలుతూ బతికే ఫొరామ్‌లు ఈ నమూనాలో తొమ్మిదే వచ్చాయి. తీరం దగ్గర తక్కువగా, లోతుకు పోయేకొద్దీ ఎక్కువగా ఉండటం వాటి తీరు. అంకె తక్కువే అయినా పనికొచ్చే సమాచారం ఎక్కువ, అందుకే వీటి దగ్గర ఆగుతాను.

గదులు బుడగల్లా ఉబ్బి ఉంటాయి, గోడ ముళ్లు విరిగిన గుర్తులతోనో తేనెపట్టులానో ఉంటుంది. చివరి చుట్టలో ఎన్ని గదులు, నోరు ఎక్కడ, చుట్ట వైపు అదనపు నోళ్లు ఉన్నాయా: ఈ మూడింటితో చాలావరకు తేలిపోతుంది. గ్లోబిజెరినా బుల్లాయిడిస్‌కు నాలుగు గుండ్రటి గదులు, బొడ్డులోకి బాగా తెరుచుకున్న పెద్ద నోరు, పెదవి లేదు, అదనపు నోళ్లు లేవు. దాని పోలికలోనే ఉండి నోటికి పెదవి ఉంటే గ్లోబిజెరినా ఫాల్కొనెన్సిస్. గ్లోబిజెరినాయిడిస్ రూబర్‌కు మూడు గదులు, నోరు ముందరి రెండు గదుల అతుకు మీద సరిగ్గా మధ్యన, చుట్ట వైపు అదనపు నోళ్లు. ట్రైలోబాటస్ సాక్యులిఫర్ చివరి గది సంచిలా సాగి ఉంటే సందేహమే లేదు. సంచి లేని సాక్యులిఫర్‌నే రూబర్ అనుకుంటారు. అక్కడ గోడ చూడాలి, సాక్యులిఫర్‌ది ముతక తేనెపట్టు. గ్లోబొరొటాలియా మెనార్డియై చదునుగా, అంచు చుట్టూ గట్టు కట్టి ఉంటుంది. ఆర్బ్యులినా యూనివర్సా ఒట్టి గోళం. పగిలితే లోపల చిన్న చుట్ట గుల్ల కనిపించవచ్చు, దాన్ని మరో జాతిగా రెండోసారి లెక్కపెట్టకూడదు.

చుట్ట తిరిగే దిక్కు కూడా పేరులో భాగమే. చుట్ట వైపు నుంచి చూసినప్పుడు గదులు గడియారపు ముళ్ల దిశలో పెరిగితే కుడి చుట్ట, వ్యతిరేకంగా పెరిగితే ఎడమ చుట్ట. నియోగ్లోబోక్వాడ్రినా పాకిడర్మా ఎడమ చుట్ట, ధ్రువాల చలి నీళ్లది. అదే పోలికలో కుడి చుట్ట ఉన్నది ఇన్‌కాంప్టా అనే వేరే జాతి, కాస్త వెచ్చని నీళ్లది. ఒకప్పుడు రెండింటినీ ఒకే జాతిగా రాసేవారు, జన్యు పరీక్షలతో 2006లో విడదీశారు. కాబట్టి పాత పట్టికల్లో పాకిడర్మా అని ఉంటే పక్కన కుడి, ఎడమ ఏమి రాశారో చూడాలి. ఫొటో తీసే సాఫ్ట్‌వేర్ బొమ్మను అద్దంలోలా తిప్పేస్తుందేమో కూడా ఒకసారి పరీక్షించుకోవాలి. స్లైడు మీద అక్షరం ఒకటి రాసి ఫొటో తీస్తే తెలిసిపోతుంది.

రూబర్‌లో తెల్లది, గులాబీ రంగుది అని రెండున్నాయి. గులాబీ రూబర్ హిందూ, పసిఫిక్ మహాసముద్రాల్లో సుమారు 1,20,000 ఏళ్ల కిందట కనుమరుగైంది. అట్లాంటిక్‌లో ఇప్పటికీ ఉంది. ఆ రెండు సముద్రాల కోర్‌లో పై పొరల్లో గులాబీ రూబర్ దొరికితే పాత పొర కలిసిందనో, జల్లెడలో మిగిలిందనో అనుమానించాలి.

అలాగే పాత రాళ్లు కొట్టుకుపోయి వాటిలోని గుల్లలు కొత్త బురదలో చేరతాయి. పసుపు, గోధుమ రంగు పట్టి, గదులు గట్టి పదార్థంతో నిండి, అంచులు అరిగి ఉంటే అది వలస వచ్చినదే. రెండు అంచు గట్లున్న గ్లోబోట్రంకానా నేటి బురదలో కనిపిస్తే తడుముకోనక్కర లేదు, ఆ వంశం 6.6 కోట్ల ఏళ్ల కిందటే అంతమైంది. బావి తవ్వకపు రాళ్లపొడిలో దీనికి తిరగబడిన చిక్కు ఉంటుంది, పై పొరల గుల్లలు జారి కిందికి పడతాయి. అందుకే అక్కడ ఒక జాతి ఎక్కడ మొదలైందో నమ్మరు, పై నుంచి దిగుతూ అది తొలిసారి కనిపించిన లోతునే నమ్ముతారు.

లెక్క

ఎనిమిదో వంతులో మొత్తం 337 గుల్లలు వచ్చాయి. 337ను 8తో గుణించి 24 గ్రాములతో భాగిస్తే గ్రాముకు సుమారు 112, అదీ 125 మైక్రాన్ల పైవి.

300 అనే అంకె ఎక్కడిదని తరచుగా అడుగుతారు. సముద్రంలో 1 శాతం ఉన్న జాతి మన లెక్కలో ఒక్కసారైనా పడాలంటే 300 గుల్లలకు అవకాశం 95 శాతం, 100 గుల్లలకు 63 శాతమే. ఈ నమూనాలో అమ్మోనియా 118, అంటే 35 శాతం. 337 లెక్కకు ఆ 35కు అటూ ఇటూ 5 శాతం ఊగిసలాట సహజం. పక్క పొరలో 38 వచ్చిందని అమ్మోనియా పెరిగిందంటే అది అంకెలు చెప్పని మాట.

స్లైడును వారం తర్వాత, ముందు రాసిన పేర్లు కప్పేసి మళ్లీ చూశాను. 337లో 14 పేర్లు మారాయి. దాదాపు అన్నీ మూడో వంతు చుట్ట కూడా నిండని పిల్ల గుల్లలు. వాటికి ఇప్పుడు జాతి పేరు తీసేసి, ప్రజాతి (జీనస్, అంటే దగ్గరి జాతుల గుంపు) వరకే ఉంచాను. పోలికే తప్ప నిశ్చయం లేనిచోట పేరు ముందు సీఎఫ్ అని, ప్రజాతి దాకానే తెలిస్తే ఎస్పీ అని రాసే అలవాటు ఉన్నది ఇందుకే. పట్టికలో 11 గుల్లలు గుర్తుపట్టలేనివిగా మిగిలాయి. వాటిని తీసేసి మిగతా వాటితో 100 శాతం చేయకుండా, ఒక వరుసగా అలాగే ఉంచాను.

కరుగుదల కూడా రాయాలి. సన్న గోడల రూబర్ లాంటివి ముందు కరుగుతాయి, పుల్లెనియాటినా, మెనార్డియై లాంటి దళసరివి చివరిదాకా నిలుస్తాయి. ముక్కలు ఎక్కువై దళసరివే మిగిలిన నమూనాలో శాతాలు కరిగాక మిగిలినవాటి శాతాలు. ఇక్కడ గోడలు నిగనిగలాడుతున్నాయి, ముక్కలు తక్కువ, అరగోనైట్‌తో (త్వరగా కరిగే కాల్షియం కార్బొనేట్ రూపంతో) కట్టిన టెరోపాడ్ (నీళ్లలో ఈదే బుల్లి నత్త) గుల్లలు కూడా రెండు నిలిచి ఉన్నాయి. సున్నపు గుల్లల్లో అందరికంటే ముందు పోయేవి అవే కాబట్టి, ఈ పొరలో కరుగుదల పెద్దగా లేదని రాశాను.

స్లైడు మీద పెన్సిలుతో కోర్ నంబరు, లోతు సెంటీమీటర్లలో, జల్లెడ కొలత, పంచిన వంతు రాశాను. చెక్క అరలు, మామూలు అట్టపెట్టెలు వదిలే ఆమ్లపు ఆవిరి ఏళ్ల తరబడిలో గుల్లల మీద తెల్లటి పొడి పట్టిస్తుంది, అందుకని లోహపు అరలోనే పెట్టాను. ఏరకుండా మిగిలిన ఎనిమిదింట ఏడు వంతుల ఇసుక, 125 మైక్రాన్ల కిందిది, కడగని సగం ముద్ద విడివిడి సీసాల్లో, సంచిలో అదే నంబరుతో ఆ పక్కనే ఉన్నాయి.